చెక్కుబంది

మార్చి 17, ఆదివారం. స్థలం: పెనుకొండ, కోటకు పోయే దారిలో తెలుగు టీచరమ్మ ఇంటి ముందుగది. సమయం: పగలు పదకొండుకు పది నిమిషాలు తక్కువ.

హాజరైనవారు: ఇంటి యజమానురాలు, ఉద్యోగ విరమణ చేసిన టీచరమ్మ. ధర్మవరం పట్టుచీరల షావుకారు. హిందూపురం నుంచి నాతోపాటు రైల్లో వచ్చిన రిటైర్డు రైలు గార్డు. నేను.

రానివారు: చిలమత్తూరు నర్సమ్మ. డ్యూటీ పడిందని ఫోన్ చేసింది.

కరెంటు లేదు. కోతుల బెడద వల్ల తలుపు గడియ పెట్టి ఉంది.

ఆ రోజు డైరీలో ఇంతవరకే ఉంది. కింద పేజీ అంతా ఖాళీ. యాభై ఏళ్ళ పైబడి డైరీ రాస్తున్నాను. జ్వరం వచ్చిన రోజున కూడా జ్వరం ఎంత ఉందో రాసుకున్నవాణ్ణి. ఆ పేజీ ఖాళీగా ఎందుకు ఉండిపోయిందో ఇప్పుడు రాస్తున్నాను.

మా వైపు దస్తావేజులు రాసేవాణ్ణి రైటరు అంటారు. హిందూపురంలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా, జెరాక్స్ అంగడి పక్కన, ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పనే చేశాను. ఇంటి అమ్మకం కానీ, పొలం పంపకం కానీ, దానపత్రం కానీ, ఏది రాసినా చివరికి చెక్కుబంది దగ్గరికి రావలసిందే. చెక్కుబంది అంటే ఆస్తికి నాలుగు దిక్కుల హద్దులు. తూర్పుకు ఎవరి ఇల్లు, దక్షిణానికి ఏ సందు, పడమరకు ఎవరి గోడ, ఉత్తరానికి ఏ దారి. పేరు తప్పు పడవచ్చు. సర్వే నంబరులో ఒక అంకె తారుమారు కావచ్చు. చెక్కుబంది సరిగ్గా ఉంటే మాత్రం ఆస్తి దొరికి తీరుతుంది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు నేను మొదటి రోజు చెప్పే మాట ఇదే. అవసరమైన రోజున అది నాకే గుర్తు రాలేదు.

బల్ల ఎత్తేశాక కథలు రాయాలనిపించింది. టీచరమ్మ ఇంట్లో నెలకో ఆదివారం కూడే చిన్న గుంపులో చేరాను. ఎవరి కథ వాళ్ళు చదవాలి, మిగిలినవాళ్ళు మొహమాటపడకుండా చెప్పాలి. చేరిన రెండో నెలలోనే దానికి నియమాలు రాసిపెట్టాను, మొత్తం తొమ్మిది. ఎవరూ అడగలేదు. పని అలవాటు. నాలుగో నియమం ప్రకారం కాగితంలో ఉన్నది ఉన్నట్టే చదవాలి. ఏడో నియమం ప్రకారం చదివిన ప్రతిని, పేజీ పేజీకి సంతకం పెట్టి, అదే రోజు షావుకారుకు అప్పగించాలి. ఆయన ధర్మవరంలో తన అంగడి పక్కనున్న డీటీపీ సెంటర్లో టైపు చేయించి తెస్తాడు.

నా కథలన్నిటికీ టీచరమ్మ చూపే లోపం ఒకటే. "అన్నా, ఇల్లు ఎన్ని గజాలో తెలుస్తాంది. లోపలికి పోయేదానికి దారే దొరకడం లేదు" అనేది. నిజమే. నా కథలో ఇంటి పొడవు, వెడల్పు, వాకిలి ఏ దిక్కుకు ఉందో, మిద్దెకు మెట్లెన్నో అన్నీ ఉండేవి. అందులో మనిషి కూర్చుని మజ్జిగ తాగడానికి చోటు ఉండేది కాదు. రెండేళ్ళపాటు ఆ మాట విన్నాను. విన్న ప్రతిసారీ డైరీలో రాసుకున్నాను కూడా.

ఆ ఏడాది జనవరిలో మా ఆవిడ చెల్లెలు కాలు విరగ్గొట్టుకుంటే సాయానికని ఇద్దరం ధర్మవరం వెళ్ళి పన్నెండు రోజులు ఉన్నాం. మా మరదలి పోర్షనుకూ పక్క నేత ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆ ఇంట్లో ఒక గుంత మగ్గం, ఒక అత్త, ఆమె కొడుకు, కోడలు. కొడుకు ఆటో నడుపుతాడు. మగ్గం మీద కూర్చునేది కోడలు. ఇరవై రెండేళ్ళుంటాయి. పొద్దున ఏడుకు కాళ్ళు గుంతలోకి దించితే నడుము దాకా నేలలోనే ఉంటుంది, సాయంత్రం లైట్లు వేసే వేళకు పైకి వస్తుంది. అత్త గడపలో కూర్చుని కండెలకు దారం చుడుతుంటుంది. ఆ ఇంట్లోకి ఎవరు పోవాలన్నా, ఆ ఇంట్లోంచి ఎవరు రావాలన్నా ఆమె మోకాళ్ళ ముందునుంచే.

అమావాస్య నాడు నేతవాళ్ళు మగ్గం తొక్కరు. ఆ రోజు అత్త కదిరి నరసింహస్వామి గుడికి పోయింది. మరదలు నన్ను పిలిచి, పక్కింటి అమ్మాయికి ఏదో కాగితం ఉందట, చూసి పెట్టమంది. వెళ్ళాను. అది ఓపెన్ టెన్త్ పరీక్ష దరఖాస్తు. తండ్రి పేరు రాయాలా, భర్త పేరు రాయాలా అన్నది ఆ పిల్ల సందేహం. నెట్ సెంటర్లో ఇచ్చేముందు తెలిసినవాళ్ళెవరైనా ఒకసారి చూస్తే బాగుంటుందని దాచుకుని ఉంది.

పుస్తకాలు కూడా చూపించింది. గుంత లోపలి గోడకు ఒక చిన్న గూడు ఉంది. మగ్గానికి కావలసిన నూనె సీసా, తెగిన దారాలు పెట్టుకునే గూడు. అందులో పరిచిన పాత చీరపేలిక తీస్తే వెనక అయిదు పుస్తకాలు, ఒక పెన్సిలు. అంతకుముందు ఏడాది కొన్న పుస్తకాలు అత్త కంటపడి అద్దకం పొయ్యిలోకి పోయాయట. కోడలు చదువుకుంటూ కూర్చుంటే మగ్గం ఎవరు తొక్కుతారని. ఈసారి పరీక్షలు మొదలయ్యే రోజు పొద్దున, బత్తలపల్లిలో అమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి పుట్టింటికి వెళ్ళిపోతుంది. అక్కడినుంచే రోజూ బస్సులో వచ్చి పరీక్ష రాసి పోతుంది. వాళ్ళమ్మ ఒప్పుకుంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు వాళ్ళమ్మ, మా మరదలు. ఆ రోజునుంచి నేను.

ఆ ఇంట్లో కాగితం చదవడానికి వెలుతురున్న చోటు మగ్గం దగ్గరే. గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని దరఖాస్తు అంతా సరిచూశాను. తర్వాత లేవబోతే మోకాళ్ళు లేవలేదు. పది నిమిషాలు అలాగే ఉండిపోయాను. చివరికి ఆ పిల్ల చెయ్యి ఇచ్చి లాగింది.

"ఈ సంగతి ఈడనే ఉండాల, పెద్దాయనా" అంది, చెయ్యి వదలకుండానే.

నా బల్ల దగ్గరికి వచ్చిన ఏ సంగతీ బల్ల దాటి పోలేదని చెప్పాను. చెప్పినప్పుడు అది నిజమే.

ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: మగ్గం గుంతలో కూర్చున్నాను, లోతు రెండున్నర అడుగులు, పది నిమిషాలు లేవలేకపోయాను. దాని కింద ఇంటి కొలతలు, నాలుగు హద్దులు, గూటి సంగతి.

ఫిబ్రవరిలో దాన్నే కథగా రాశాను. మనిషి పేరు పెట్టలేదు. ఊరి పేరు పెట్టలేదు. పేరు లేనప్పుడు ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. ఇంటిని మాత్రం, టీచరమ్మ మాట మనసులో పెట్టుకుని, ఎన్నడూ లేనంత శ్రద్ధగా రాశాను. తూర్పుకు పిండి మర. దక్షిణానికి కుళాయి ఉన్న సందు. పడమరకు పక్క పోర్షను గోడ. ఉత్తరానికి అద్దకం షెడ్డు. ఎవరో గోడ లేపినప్పుడు సగం మూసుకుపోయిన కిటికీ, మిగిలిన సగానికి వేరే ఇంటినుంచి ఊడదీసి తెచ్చి బిగించిన నీలం రెక్క. ఇక్కడ నేను చెబుతున్న హద్దులు, రంగులు మార్చినవి. కథలో రాసినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు కొద్దీ మొదటి రెండు పేజీల్లోనే ఆ ఇంటికి చెక్కుబంది రాసి పెట్టాను, ఆ సంగతి నాకే తెలియకుండా.

మార్చి పదిహేడున టీచరమ్మ ముందుగదిలో ఆ కథ చదవడం మొదలుపెట్టాను. మర్నాడే ఆ పిల్లకు మొదటి పరీక్ష. నాకు తెలుసు. కథ నెలలు గడిచాక గానీ అచ్చుకు రాదు, నలుగురం విన్నంత మాత్రాన ఏమవుతుందిలే అనుకున్నాను. ఫ్యాను తిరగడం లేదు. కిటికీలు తెరిస్తే కోతులు చువ్వల్లోంచి చేతులు పెడతాయని టీచరమ్మ అవి కూడా మూసింది. గార్డు చొక్కా పైగుండీ తీసి, పాత కథల కట్టతో విసురుకుంటున్నాడు. షావుకారు కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆయన ఎప్పుడూ అలాగే వింటాడు. నిద్రపోయాడనుకుంటాం, కానీ పోడు.

రెండో పేజీ తిప్పగానే కళ్ళు తెరిచాడు.

"ఆగన్నా. ఈ ఇల్లు నాకు తెలుసు" అన్నాడు. "తూర్పుకు పిండి మర, ఆ పక్క అద్దకం షెడ్డు, సగం కిటికీ, దానికి నీలం రెక్క. ధర్మవరం అంతా ఎతికినా అట్లాంటిది ఒగటే ఉండాది. ఆ మగ్గం మనదేనప్పా, నేనే పట్టు ఇస్తా. రేపు పొద్దున ఆడికే పోతాండా మగ్గం మీంచి చీర కోయించుకొని వచ్చేదానికి."

ఆయన చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పాలి. మాట ఆయన కడుపులో నిలవదు, అంతే. రేపు ఆ ఇంటి పెద్దామెకు చెబుతానన్నాడు, మీ ఇల్లు కథలోకి ఎక్కిందమ్మా అని. సంబరపడుతుందన్నాడు. కథ పూర్తిగా విని, ఆమెకు మొదటినుంచి చివరిదాకా చెబుతానన్నాడు. గార్డు నవ్వాడు. ఇన్నాళ్ళు ఉత్త రైటరువు, ఇప్పుడు నిజం రైటరువైనావు కదప్పా అన్నాడు.

టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. "అన్నా, ఈసారి కళ్ళకు కట్టినట్టు రాసినారు" అంది.

రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. అది విన్నప్పుడు నా చేతిలో కాగితాలు తడిసిపోయి ఉన్నాయి.

అయిదో పేజీ మొదటి వాక్యంలోనే గూడు వస్తుంది. గూట్లో పేలిక, పేలిక వెనక పుస్తకాలు, వాటిలో రోజుకు ఎన్ని పేజీలు ఏ వేళలో ఎలా చదువుతుందో, పరీక్ష రోజు ఏం చెప్పి వెళ్ళబోతోందో, అన్నీ. చదివితే రేపు పొద్దునకు ఆ సంగతి గడపలో కూర్చున్నామె ఒడిలో ఉంటుంది. బహుశా ఈ సాయంత్రమే ఫోన్లో ఉంటుంది. పుస్తకాలు మళ్ళీ పొయ్యిలోకి పోతాయి, ఆ పిల్ల బస్సెక్కదు.

చదవడం ఆపేద్దామనుకున్నాను. ఆపితే ఎందుకాపావని షావుకారు వదలడు. కట్టుకథ అని చెబుదామంటే హద్దులన్నీ సరిపోయాయి. ఒంట్లో బాగాలేదని లేచి బయటికి పోదామంటే కాగితాలు ఆయన చేతికే పోతాయి, ఏడో నియమం. ఉన్నది వదిలి వేరేది చదువుదామంటే నాలుగో నియమం. రెండూ నేను రాసినవే. ఆ గది నాలుగు గోడల్లో ఎటు తిరిగినా నేను గీసిన గీతే తగిలింది.

ఈ ఆలోచనల్లోనే మూడో పేజీ, నాలుగో పేజీ చదువుకుంటూ పోయాను. నాలుగో పేజీ చివరి వాక్యం: ఆమె గుంతలోకి దిగింది. అది చదివాను. పేజీ తిప్పలేదు. కాగితం కాస్త పైకెత్తి, చూపు అక్షరాల మీదే ఉంచి, అక్కడ లేనిది చెప్పడం మొదలుపెట్టాను. గూటి దగ్గరికి పోకుండా ఎంతసేపు వీలైతే అంతసేపు ఆ గుంతలోనే ఉండాలి. నాకు తోచింది అదొక్కటే.

చెప్పింది వరసగా గుర్తులేదు. గుర్తున్నంత రాస్తాను.

దిగగానే ముందు పాదాలకు చల్లదనం తగులుతుందని చెప్పాను. మార్చి నెలలోనూ చల్లదనమే, ఆ మట్టి ఎండను ఎన్నడూ చూడలేదు. మెడ వెనక చెమట కారుతుంటుంది, కాలివేళ్ళ సందుల్లో తేమ ఉంటుంది, ఒకే ఒంట్లో రెండు కాలాలు. గుంత అంచు తొడల కింద ఒరుసుకుంటుంది. అక్కడ మడిచి వేసిన గోనెపట్టా ఆమె కూర్చున్న ఆకారంలోనే గుంట పడి ఉంటుంది. కూర్చున్నాక ఇల్లు ఎత్తు మారిపోతుంది. ఎవరైనా వస్తే ముఖం కనపడదు. చీర కుచ్చెళ్ళు, మెట్టెలు, పగిలిన మడమలు కనపడతాయి. వచ్చింది ఎవరో, ఎంత కోపంలో ఉన్నారో పాదాలను చూసి తెలుసుకోవాలి. గడప దగ్గర రెండు అరికాళ్ళు ఎప్పుడూ ఇటువైపే చూస్తుంటాయి.

ఎక్కడో యంత్రం తిరిగితే ఆ సంగతి చెవికంటే ముందు తుంటి ఎముకకు తెలుస్తుందని చెప్పాను. పిండి మర అనే మాట రానివ్వలేదు. వెలుతురు చారెడే వస్తుంది, పదకొండుకు పడుగు దారాల మీద ఈ అంచున దిగి, ఒక్కో దారం దాటుకుంటూ పోయి, పన్నెండున్నరకు ఆ అంచున ఆరిపోతుంది. ఆ గంటన్నరే ఎరుపు ఎరుపులా కనిపిస్తుంది. మిగతా పొద్దంతా రంగు వేళ్ళకు గుర్తుండాలి. దారం మోసుకుంటూ నాడె ఇటునుంచి అటు పోతుంది, అటునుంచి ఇటు వస్తుంది. ఆ ఇంట్లో అటూ ఇటూ పోయివచ్చేది అదొక్కటే. ఇక లేవాలనుకున్నప్పుడు కాళ్ళు ఉన్నట్టు తెలియదు. నేలమీద రెండు అరచేతులూ ఆనించి, ఎవరైనా చెయ్యి అందిస్తారేమోనని తలెత్తి చూస్తుంది. తలెత్తినా కనిపించేవి మోకాళ్ళే.

ఇవన్నీ నాకు తెలుసని అప్పటిదాకా నాకే తెలియదు. గోడకు ఇవతల ఉన్న పన్నెండు రోజుల్లో, అన్నిటికంటే అమావాస్య నాటి పది నిమిషాల్లో నా ఒంటికి ఎక్కినవి ఇవి. డైరీలో ఎక్కింది రెండున్నర అడుగుల లోతు మాత్రమే.

కథను ముగించాలి. గూడు లేకుండా, పుస్తకాలు లేకుండా నా దగ్గర ముగింపు లేదు. లైట్లు వేసే వేళకు ఆమె పైకి వచ్చిందని, మర్నాడు పొద్దున మళ్ళీ దిగాలని చెప్పి, కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాను.

పైన రేకుల మీద ఒక కోతి ఈ కొసనుంచి ఆ కొసకు నడిచింది. షావుకారు తన పాదాలవైపు చూసుకుంటున్నాడు.

"కాదులేన్నా" అన్నాడు చివరికి. "నేననుకున్న ఇల్లు కాదు ఇది. ఆడ ఇట్లుండదు."

ముప్పై ఏళ్ళుగా ఆయన ఆ ఇంటికి పోతున్నాడు. గడప అవతల నిలబడితే కనిపించే ఇల్లు ఆయనకు బాగా తెలుసు. గుంతలో కూర్చుంటే కనిపించేది ఆయన ఎన్నడూ చూడని ఇల్లు. గండం గడిచిందనుకున్నాను. మరుక్షణమే ఆయన చెయ్యి చాపాడు, కాగితాల కోసం.

ఇవ్వనన్నాను. ఏంటికని అడిగాడు. కొట్టివేతలు ఉన్నాయన్నాను. దస్తావేజులో ఒక్క అక్షరం కొట్టివేసినా పక్కన సంతకం పెట్టాలి. అందుకే నేను కొట్టివేత లేకుండా రాయడానికి పేరుపడ్డవాణ్ణి. షావుకారు ఏడో నియమం ఎత్తి అక్షరం పొల్లుపోకుండా నాకే అప్పజెప్పాడు. గార్డు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను పదకొండు కాగితాలూ మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టుకుని కూర్చున్నాను. డెబ్బై మూడేళ్ళ మనిషి అలా కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

టీచరమ్మ నావైపు చాలాసేపు చూసింది. "ఈసారికి ఉండనీ షావుకారూ" అంది. "రైటరన్న కొట్టివేసేది నేను ఇంతవరకూ సూళ్ళేదు. ఎట్ల కొట్టేస్తాడో సూద్దాం."

షావుకారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గడియ తీసేటప్పుడు మాత్రం ఒకసారి ఆగి, "గుంతలో నిజంగా అంత చల్లగుంటాదాన్నా?" అని అడిగాడు. ఉంటుందన్నాను. తలూపి, కారెక్కి ధర్మవరం వైపు పోయాడు.

హిందూపురం పోయే ప్యాసింజరు వచ్చేలోపు పెనుకొండ ప్లాట్‌ఫారం మీదినుంచి మరదలికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమె నన్ను ఎప్పుడూ మాట అనని మనిషి. ఆ రోజు అంది. నమ్మి కాగితం చేతికిస్తే ఊరంతా చదివి వినిపిస్తావా బావా అంది. పుస్తకాలు వేరేచోట పెట్టుకోమని ఆ పిల్లకు చెప్పమన్నాను.

"యాడ పెట్టుకుంటాది? ఆ గుంత తప్ప ఆ యమ్మికి యాడుండాది సోటు?"

ఆమె కాస్త తగ్గి, ఇంట్లోకి పోయి చెప్పడం కుదరదని, అత్త గడపలోంచి కదలదని, కుళాయికి నీళ్ళొస్తే ఆ పిల్ల బిందె తీసుకుని సందులోకి వస్తుంది, అప్పుడు చెవిన వేస్తానని చెప్పింది. నీళ్ళు ఎప్పుడొస్తాయని అడిగాను. ఈ రోజు మా సందుకు వంతు లేదంది.

రైల్లో గార్డు నా ఎదురుగా కూర్చున్నాడు. ఒక స్టేషను దాటింది. తర్వాత వేరుశనగకాయలు ఒలుచుకుంటూ, "పదకొండు కాగితాలు. మూడే తిప్పితివి. మిగతా దూరమంతా సిగ్నలు లేకుండానే నడిపితివి కదప్పా" అన్నాడు.

నేను కిటికీ బయటికి చూశాను. ఆయన ఒలిచిన గింజలు సగం నా చేతిలో పోశాడు.

ఇంటికి చేరి డైరీ తీశాను. తేదీ, స్థలం, హాజరు, రానివారు, కరెంటు, గడియ. తర్వాతి వాక్యం రాయాలంటే మళ్ళీ ఆ ఇల్లు రాయాలి. జనవరిలో రాసిన పేజీ వల్లనే ఇదంతా వచ్చింది. కలం మూత పెట్టేశాను. ఆ పిల్ల ఆ వేళకు చీర చివరి మూర నేస్తూ ఉంటుందని తెలుసు. చీర పూర్తయితేనే పుట్టింటికి పంపుతారు. షావుకారు ఇంటికి చేరి ఉంటాడు. ఆయన చేతిలో ఫోన్ ఉంటుంది. ఇల్లు కాదని ఆయనే అన్నాడు, సరే. భోజనాల వేళకు మళ్ళీ గుర్తొచ్చి, నీలం రెక్క సంగతేమిటి అనుకుంటే? మా ఆవిడ మూడుసార్లు అడిగింది, ఏం పోగొట్టుకున్నావని. ఏమీ లేదన్నాను. హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి హాల్లోకి నడిచాను. పద్నాలుగు అడుగులు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

మర్నాడు, సోమవారం, తొమ్మిదీ ఇరవైకి మరదలి ఫోన్ వచ్చింది.

నీళ్ళు రాలేదని, ఏమీ చెప్పలేకపోయానని ముందుగా అంది. చెప్పాల్సిన పని కూడా లేకపోయిందట. ఆ పిల్ల ఆరుగంటలకే సంచి పట్టుకుని బయలుదేరింది. అత్త సణిగింది గానీ, చీర పూర్తయి మగ్గం మీద ఉంది కాబట్టి ఆపలేదు. సంచి బరువుగా ఉందేమని అడిగితే అమ్మకు రాగిపిండి అందట. నేను కుర్చీలో కూర్చున్నాను.

"ఇంకా వినుకో బావా, అయిపోలేదు" అంది.

ఎనిమిదిన్నరకు షావుకారు వచ్చాడు. ఎప్పటిలాగే గడప అవతల నిలబడి పలకరిస్తాడనుకుంటే, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఎప్పుడూ అత్త కోసి ఇచ్చే చీరను తానే కోశాడు, మడత పెట్టాడు. పోతాడనుకుంటే పోలేదు. ధోవతి పైకి మడిచి, మగ్గం అంచు పట్టుకుని, గుంతలోకి కాళ్ళు దించి కూర్చున్నాడు. అత్త చేతిలో కండె కింద పడింది. మా మరదలు కర్ర ఊతంతో గడప దాకా వచ్చి నిలబడింది.

ఇదేంటికి సామీ అని అత్త అడిగితే, గమ్మునుండమ్మా అన్నాడట. అలాగే కూర్చుని పాదాలు నేలకు ఆనించాడు. తల వంచి గడపవైపు చూశాడు. పడుగు దారాల మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా పదకొండు కాలేదు కాబట్టి వెలుతురు లేదు. తర్వాత ఆ చెయ్యి గుంత లోపలి గోడను తడుముకుంటూ పోయి గూట్లోకి దూరింది.

నేను ఫోన్ను చెవికి గట్టిగా అదుముకున్నాను.

పేలిక బయటికి వచ్చింది. నూనె సీసా వచ్చింది. తర్వాత ఒక పెన్సిలు ముక్క, వేలెడంత. సంచి సర్దుకునే తొందరలో ఆ పిల్ల మర్చిపోయినట్టుంది. పుస్తకాలు లేవు. పెన్సిలు ఎవరిదని అత్త అడిగింది. షావుకారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట. ఒక చివర కొరికిన గుర్తులు ఉన్నాయట. తనదే అన్నట్టు, మడత పెట్టిన చీర మీది కాగితంపై ఆ పెన్సిలుతోనే నంబరు రాసుకున్నాడు. పేలికను ముందు ఎలా ఉందో అలాగే గూట్లో పరిచాడు.

తర్వాత లేవబోతే లేవలేకపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. రెండు అరచేతులూ నేలకు ఆనించి తలెత్తి చూశాడు. ఆ ఇంటి పెద్దామె గడపలోంచి లేచి వచ్చి చెయ్యి ఇచ్చి లాగింది. ఆమె గడప వదిలి లోపలికి రావడం మగ్గం నడిచే వేళల్లో ఇంతవరకు చూడలేదని మరదలు నవ్వింది.

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. పరీక్ష మొదలై పది నిమిషాలు. పెన్సిలు ఏమైందని అడిగాను.

"చెవి మీద పెట్టుకొని పాయ, బావా" అంది.